గోడ పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు

రెండు వేల సంవత్సరం దాటాక గద్వాల చుట్టుపక్కల ప్రతి ప్రైవేటు బడి బోర్డు మీదా ఒక కంప్యూటర్ బొమ్మ వెలిసింది. నేను లెక్కలు చెప్పిన బడి వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, కంప్యూటర్ లోపలి నుంచి సూర్యుడు ఉదయిస్తున్నట్టు గీయించారు. ఆ బొమ్మ గీసిన పెయింటరుకు తెలిసినంత కూడా ఆ బడిలో కంప్యూటర్ గురించి ఎవరికీ తెలియదని నాకు చేరిన నెలలోనే అర్థమైంది.

మాది కొల్లాపూర్. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, సర్కారు ఉద్యోగం రాక, గద్వాలలో ఒక గది అద్దెకు తీసుకుని ఆ బడిలో చేరాను. యజమానిని అందరం కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. అంతకుముందు ఆయనకు ఎరువుల దుకాణం ఉండేది. బడి పెట్టినా ఆ దుకాణం భాష ఆయన నోటిని వదల్లేదు. పిల్లల్ని 'మాల్' అనేవాడు. "ఈసారి తొమ్మిదో తరగతి మాల్ అంత మంచిగ లేదు మేడం, జర గట్టిగ రుద్దుండ్రి" అని నాతోనే ఎన్నోసార్లు అన్నాడు. తాను అన్నదాంట్లో తప్పేమిటో ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

కంప్యూటర్ గది పై అంతస్తులో ఉండేది. గుమ్మానికి మామిడాకులు, ఒక్కో కంప్యూటర్ నుదుట కుంకుమ బొట్టు, వాటి మీద కుట్టించిన గుడ్డ కవర్లు. పిల్లలు చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని లోపలికి వెళ్ళాలి. వారానికి ఒకసారి దర్శనం. కంప్యూటర్ సార్ అని ఒక కుర్రాడు ఉండేవాడు, కర్నూలులో ఏదో కోర్సు చేసి వచ్చాడు. అతను తెర మీద ఒక ఇల్లు, ఇంటి పక్కన ఒక చెట్టు గీసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. తర్వాత కిందికి వచ్చి 'కంప్యూటర్ అనగానేమి' అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పట్టేవాళ్ళు. ఏడాదంతా ఆ యంత్రం మీద వేలు పెట్టకుండానే అందులో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు. తల్లిదండ్రులు దానికి మురిసిపోవడమూ చూశాను.

నేను తరగతిలో ఒక ఆట ఆడించేదాన్ని. వందలోపు ఒక సంఖ్య మనసులో అనుకుంటాను. పిల్లలు ఏమైనా అడగవచ్చు, నేను అవునని గానీ కాదని గానీ మాత్రమే చెప్తాను. పిల్లలు మామూలుగా "ఏడా మేడం?", "ముప్పై మూడా మేడం?" అని లాటరీ టికెట్టు గీకినట్టు ఒక్కో సంఖ్యా అడిగేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "యాభై కంటె ఎక్కువనా మేడం?" అంది. కాదన్నాను. "ఇరవై అయిదు కంటె ఎక్కువనా?" అంది. ఆమె అసలు సంఖ్యే చెప్పడం లేదని తరగతంతా నవ్వింది. వాళ్ళ నవ్వు ఆగేలోపు నా సంఖ్య దొరకబట్టేసింది.

"ఎట్లా తోచింది నీకు?" అని అడిగాను.

"సగం సగం పారేసుకుంట పోయిన మేడం. లేనికాడ దేవులాడుడు ఎందుకు?" అంది.

కంప్యూటర్ ఏదైనా వెతికే పద్ధతి గురించి పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలతో రాసేది ఇదే. నాకు ఆ రోజు చాలా సంతోషమైంది. పైకి వెళ్ళి కంప్యూటర్ సార్‌కు చెప్పాను. అతను కవర్లు దులుపుతూ, "అది మన సిలబస్‌ల లేదు కద మేడం" అన్నాడు.

ఆ అమ్మాయిది గద్వాలకు బీచుపల్లి వైపు ఉన్న ఒక పల్లె. తల్లి కూలికి పోయేది. తండ్రి పూనాలో బిల్డింగు పనులకు వెళ్ళి వానకాలం ముందు ఒకసారి ఇంటికొచ్చేవాడు. ఆదివారం చర్చికి పోయే కుటుంబం. పిల్ల ఒక్కతే గనుక, ఎట్లాగైనా ఇంగ్లీషు బడిలో చదివించాలని తల్లి పట్టుబట్టి మా బడిలో వేసింది.

ఆ ఏడాది బడి తెరిచిన కొన్నాళ్ళకు హైదరాబాదు నుంచి ఒక మనిషి వచ్చాడు. టై కట్టుకుని, ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, మా స్టాఫ్ గదిలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు.

"మా సాఫ్ట్‌వేర్‌లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఉంది. అంటే కృత్రిమ మేధ. స్టూడెంట్ నొక్కే ఒక్కొక్క జవాబును బట్టి వాడి మెదడును చదివేస్తుంది. ఎవరు ఇంజనీరు అవుతారు, ఎవరు అవరు, ఇప్పుడే చెప్పేస్తుంది. టీచర్ పదేళ్ళు చూసినా కనిపెట్టలేనిది గంటలో తేల్చేస్తుంది" అన్నాడు.

టీచర్లను టీచర్ల ముందే అంత మాట అంటే, మా సైన్సు సార్ తల ఊపాడు. తెలుగు మేడం కూడా ఊపింది. కృత్రిమ మేధ అన్న మాట వినగానే వాళ్ళ సొంత మేధ సెలవు పెట్టి వెళ్ళిపోయినట్టుంది.

"దేన్ని బట్టి తేలుస్తుంది?" అని నేను అడిగాను.

"అల్గారిథమ్ మేడం."

"ఆ అల్గారిథమ్ ఏమిటనే అడుగుతున్నాను. ఏం జవాబిస్తే పిల్లను ఇటు వేస్తుంది, ఏం జవాబిస్తే అటు వేస్తుంది?"

అతను చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. "అది కంపెనీ సీక్రెట్ మేడం."

కరస్పాండెంట్ కల్పించుకున్నాడు. "మేడం, బస్సెక్కినప్పుడు డ్రైవర్‌ను ఇంజను విప్పి సూపియ్యమంటరా? ఊకోండ్రి జర."

అట్లా నన్ను కూర్చోబెట్టారు. పిల్లల్ని మూడు సెక్షన్లుగా విడదీయాలని అక్కడే నిర్ణయమైంది. తెలివైనవాళ్ళకు టెక్నో, మధ్యరకానికి జనరల్, మిగిలినవాళ్ళకు స్కిల్. స్కిల్ అంటే పైకి చెప్పడానికి నైపుణ్యం. లోపల అందరికీ తెలుసు, అది దేనికీ పనికిరారని తేల్చిన పిల్లల్ని కూర్చోబెట్టే గది అని. ఎరువుల దుకాణంలో కూడా బస్తా విప్పి చూడకుండా ఏ రకమో రాయరు. మా బడిలో అంతకంటే తేలికగా అయిపోయింది.

పరీక్ష రోజున పిల్లలు చెప్పులు విప్పి, వంతుల వారీగా పైకి వెళ్ళి వచ్చారు. నాకు కింద తరగతులు ఉన్నాయి, పైన ఏం జరిగిందో చూడలేదు. దిగి వచ్చిన పిల్లల ముఖాలు మాత్రం గుడిలోంచి వచ్చినట్టు భయభక్తులతో ఉన్నాయి.

ఫలితాలు చెప్పడానికి ఒక ఆదివారం ఆవరణలో షామియానా వేశారు. తల్లిదండ్రులందరినీ పిలిచారు. బంగారు రంగు అంచు ఉన్న కాగితాలను లామినేషన్ చేయించి, ఒక్కొక్కరి పేరూ మైకులో చదివి, ఏ సెక్షనో గట్టిగా చెప్పి ఇచ్చారు. టెక్నో అన్నప్పుడు చప్పట్లు. జనరల్ అన్నప్పుడు కొంచెం తక్కువ చప్పట్లు. స్కిల్ అన్నప్పుడు ఎవరూ కొట్టలేదు. పిల్లలు కాగితం తీసుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక షామియానా గుంజ దగ్గరకు వెళ్ళి నిలబడ్డారు. ఆ పద్ధతిని ఊహించిన మనుషులు తర్వాత సమోసాలు తింటూ కార్యక్రమం చాలా బాగా జరిగిందని ఒకరినొకరు పొగుడుకున్నారు.

ఆ అమ్మాయి పేరు పిలిచి, స్కిల్ అన్నారు.

నేను తప్పు విన్నాననుకున్నాను. తల్లి ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నూనె రాసి దువ్వుకుని వచ్చింది. కాగితం చేతికివ్వగానే ఆ టై మనిషి దగ్గరకు వెళ్ళి, "ఏం రాసింది సారూ?" అని అడిగింది.

"మీ పాపకు చేతిపని బాగా వస్తుందమ్మా. లెక్కలు, ఆలోచన పెట్టే పనులు బరువవుతాయి. ముందే తెలిసింది కదా, మంచిదే" అన్నాడతను. మంచివార్త చెప్పినట్టే చెప్పాడు.

నేను మధ్యలోకి వెళ్ళి, "ఈ పిల్లకు నా తరగతిలో లెక్కలు అందరికంటే బాగా వస్తాయి" అన్నాను.

"మీకు అట్లా అనిపిస్తుంది మేడం. మనుషులకు అభిమానాలు ఉంటాయి. మెషీన్‌కు ఉండవు" అని నా వైపు కూడా చూడకుండా తర్వాతి కాగితం తీసుకున్నాడు.

తల్లి నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. కాగితాన్ని కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి వారం నుంచి అమ్మాయి బడికి రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఆ ఊరి నుంచి వచ్చే ఇంకో పిల్లను అడిగితే, "పత్తి క్రాసింగ్‌కు పోతుంది మేడం" అంది.

గద్వాల వైపు విత్తన పత్తి వేస్తారు. ఆడ మొక్కల మొగ్గలను సాయంత్రం పూట గిల్లి విప్పి, గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి వాటికి రుద్దాలి. సన్నటి వేళ్ళు కావాలని, వంగితే నడుము నొప్పి అనరని, ఆడపిల్లలను పెడతారు. ఆ నెలల్లో సర్కారు బళ్ళలో అమ్మాయిల బెంచీలు ఖాళీగా ఉండేవి. ప్రతి ఏడూ పేపర్లో రాసేవాళ్ళు. ప్రతి ఏడూ ఎవరో పెద్దమనిషి సభలో ఖండించి, ఇంటికెళ్ళి అదే విత్తనం వేసుకునేవాడు.

వారం దాటాక వచ్చిన సెలవు రోజున ఆటో ఎక్కి ఆ ఊరికి పోయాను. తల్లి చేను గట్టు మీద కనిపించింది.

"అయ్యో, గింత దూరం వచ్చినారా మేడం!" అని తలమీది గుడ్డ తీసి నిలబడింది.

"బిడ్డను బడికి ఎందుకు పంపుతలేవమ్మా?"

"ఇంకేం బడి మేడం. దానికి చేతిపనే వస్తదని కంప్యూటరే చెప్పె కద. ఆడ ఊకె కూసుండబెట్టి ఏం జేయాలె? చేతిపనే అయితే ఈడనే ఉంది."

"ఆ మిషన్ చెప్పింది తప్పు. నేను చెప్తున్నా."

"తప్పెట్లైతది మేడం?" అంది. కోపంగా కాదు, నాకు నచ్చజెప్తున్నట్టు. "మనిషైతే మొకం జూస్తడు. మీది ఏ వాడ అని అడుగుతడు. నేను చిన్నప్పుడు బడికి పోతె మా సారు నన్ను ఒక్క మాట అడగకుండనే ఎనకకు కూసోబెట్టె. అడిగి, రాదని కూసోబెడితె నేనేమనకపోదును. మిషన్‌కు నేనెవరో తెల్వదు, నా బిడ్డెవరో తెల్వదు. దానికి మామీద ఏం పగ? అది చెప్పినంక నేను నమ్మాలె కద."

ఆ వారమంతా నాకు కనిపించిన ప్రతి మనిషి మీదా అసహ్యంగానే ఉంది. ఈమె మీద మాత్రం రాలేదు. మనుషులు ఇన్నేళ్ళు ఈమెకు చేసింది చూసి, మనిషి కానిదాన్ని నమ్మింది. ఆ నమ్మకాన్ని వాడుకుని లామినేషన్ చేసి చేతికిచ్చిన వాళ్ళను తలుచుకుంటే నా ఒళ్ళు మండింది.

అమ్మాయి సాళ్ళ మధ్య నుంచి వచ్చింది. వేళ్ళ చివర్లు పసుపు పచ్చగా అయ్యాయి. గట్టు మీద నా పక్కన కూర్చుంది.

"పరీక్షల ఏమైంది నీకు? ప్రశ్నలు కష్టమున్నయా?" అని అడిగాను.

"అల్కగనే ఉండె మేడం. కని అది ఒకసారి నొక్కితె రెండుసార్లు పడేది."

"ఏది?"

"మౌస్. ఒక ప్రశ్నకు జవాబు నొక్కంగనే, దాని తర్వాత ప్రశ్న నేను సదవకముందే ఎగిరిపోయేది. ఎన్కకు పోనీకి రాదు. కంప్యూటర్ సార్‌కు చెప్పిన. గట్టిగ నొక్కకు, ఖరాబైతదన్నడు."

"ఆ రోజే నాకు చెప్పొద్దా?"

"నాకే నొక్కనీకి వస్తలేదనుకున్న మేడం. ఎన్నడన్న ముట్టినమా దాన్ని?" పత్తి చేను వైపు చెయ్యి చూపింది. "ఈడికొచ్చినంక ఎర్కైంది. మన బడోళ్ళు ఇంకో ఇద్దరు పనికొస్తుండ్రు. వాళ్ళు కూడ స్కిల్‌లనే పడిండ్రు. ఒకామెకు లెక్కలు రావు, సరే. ఇంకొకామెకు మంచిగనే వస్తయి కద. మా ముగ్గురికి ఏం కలుస్తదని సోంచాయించిన. మార్కులు కలవయి, క్లాసులు కలవయి. కూసున్న జాగ ఒక్కటే. గోడ పక్కది."

"ఊరికె కలిసిందేమో?"

"నేను గట్లనే అనుకున్న. చర్చికాడ ఇంకో పిల్లనడిగిన. ఆమె కిటికి కాడ కూసున్నది, టెక్నోల పడ్డది. ఆమె తమ్మునికి గోడ పక్కది వచ్చింది. వాడు స్కిల్. వాడు తరగతి ఫస్టు మేడం."

ఆలోచన పెట్టే పనులు బరువవుతాయని ఆ యంత్రం రాసిచ్చింది ఈ పిల్ల గురించి. ఇంత పెద్ద బడిలో, ఇన్ని డిగ్రీలు గోడకు తగిలించుకున్న మనుషుల్లో ఒక్కరికి కూడా అడగాలని తోచని ప్రశ్నను పత్తి మొగ్గలు గిల్లుతూ తనకు తాను వేసుకుని జవాబు పట్టుకుంది.

సోమవారం కంప్యూటర్ సార్ దగ్గరకు వెళ్ళి, నాకు కూడా పరీక్ష రాయాలని ఉందన్నాను. కంప్యూటర్ మీద నాకు భక్తి కుదిరిందనుకుని అతను సంబరపడ్డాడు. గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టిన ప్రశ్నలే. అమ్మాయి చెప్పినట్టే ఒక జవాబు నొక్కితే దాని తర్వాతి ప్రశ్న రెప్పపాటులో కనిపించి మాయమైంది. చివరికి ప్రింటర్ గరగరమని కాగితం తీసింది. ఈ విద్యార్థికి లెక్కలు, తర్కం భారమనీ, చేతిపనులు నేర్పడం మేలనీ అందులో ఉంది. తర్వాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అదే పరీక్ష రాశాను. ఇంజనీరింగ్‌లో నాకు ఉజ్వల భవిష్యత్తు ఉందని వచ్చింది.

రెండు కాగితాలూ కంప్యూటర్ సార్‌కు ఇచ్చాను. చాలాసేపు చూసి, "మొదటిసారి మీరు టెన్షన్ పడ్డట్టున్నరు మేడం" అన్నాడు.

అతని మీద నాకు కోపం కూడా రాలేదు. మౌస్ చెడిపోయిందని ఒప్పుకోవడం కంటే ఎమ్మెస్సీ లెక్కలు చదివిన మనిషి బుర్ర చెడిపోయిందని నమ్మడం అతనికి సులువుగా ఉంది. అతను ఆ యంత్రాలకు సేవకుడు. సేవకుణ్ణి అడిగి లాభం లేదని కరస్పాండెంట్ గదికి వెళ్ళాను.

ఆయన రెండు కాగితాలూ చదివి నవ్వాడు. "మేడం, ఇది పిల్లల సాఫ్ట్‌వేర్. పెద్దోళ్ళకు పని చెయ్యదు."

"అయితే పిల్లల్నే కూర్చోబెడదాం సార్. మీ అబ్బాయి తొమ్మిదిలో ఉన్నాడు కదా, టెక్నోలో. పిలిపించండి. గోడ పక్కన కూర్చుని ఒకసారి రాయమనండి."

"వాన్నెందుకు కూసోబెడ్త?" అన్నాడు వెంటనే. మాట జారిందని ఆయనకే తెలిసింది. పేపరు వెయిటు అటు తిప్పి ఇటు తిప్పాడు.

"మరి మిగిలిన పిల్లల్ని ఎందుకు కూర్చోబెట్టారు?"

"సూడుండ్రి మేడం. అందరి ముంగట మైకుల చెప్పినం. కాగితాలిచ్చినం. ఇప్పుడు తప్పైందంటే వచ్చే ఏడు ఎవడొస్తడు మన బడికి? ఇగ గీ ముచ్చట ఈడికి ఇడిసిపెట్టుండ్రి."

రెండు రోజుల తర్వాత పైకి వెళ్ళి చూస్తే గోడ పక్క కంప్యూటర్‌కు కొత్త మౌస్ ఉంది. దాని మీద కూడా కుంకుమ బొట్టు. అంటే నేను చెప్పింది నిజమని ఆయనకు బాగా తెలుసు. మౌస్ మార్చాడు. పిల్లల్ని మాత్రం ఎక్కడ పడేశాడో అక్కడే ఉంచాడు. మూర్ఖులను చాలామందిని చూశాను, క్షమించాను కూడా. తెలిసి ఊరుకున్న ఆ మనిషిని మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు.

ఇక నేను ఊరుకోలేదు. స్కిల్‌లో ఉన్న పిల్లల ఇళ్ళకు సాయంత్రాలు తిరిగాను. గోడ పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరని అడుగుతూ, జరిగింది చెప్పాను. కొందరు నమ్మారు. నమ్మినవాళ్ళు కూడా, "ఏం జేస్తం మేడం, అయ్యిందేదో అయ్యింది" అన్నారు. ఎక్కువమంది నన్ను అనుమానంగా చూశారు, ఇంకో బడివాళ్ళు పంపిన మనిషినేమోనని. నలుగురు కలిసి అడిగితే తప్ప కరస్పాండెంట్ వినడని, సర్కారు ఆఫీసులో పనిచేసే ఒక పెద్దమనిషిని సాయం అడిగాను. చదువుకున్నవాడు, నలుగురిలో మాట చెల్లేవాడు. ఆయన కొడుకు టెక్నోలో ఉన్నాడు.

"మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కాని మా వానికి బాగనే వచ్చింది కద మేడం. మళ్ళ పెడితె ఏమొస్తదో ఏమో" అన్నాడు.

చాయ్ ఇప్పించాడు. తాగకుండా వచ్చేశాను.

నేను ఇళ్ళు తిరుగుతున్నానని తెలిసి కరస్పాండెంట్ పిలిపించాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "మీ బాధంత ఆ ఒక్క పిల్ల గురించే కద. రమ్మనుండ్రి. సప్పుడు చెయ్యకుండ మళ్ళ రాపిద్దాం. టెక్నోల ఏద్దాం. మిగతోళ్ళు ఎవరు అడుగుతలేరు, ఆ ముచ్చట ఎత్తకుండ్రి."

నాకు ఆ బేరం నచ్చలేదు. కానీ ముందు ఆ పిల్ల చేనులోంచి బయటికి రావాలి. గోడ పక్క సంగతి చెప్పినా మనిషి మాటకు కదలని తల్లి మిషన్ మాటకు కదులుతుందని, ఆ దిక్కుమాలిన మిషన్ చేతే చెప్పిద్దామని ఒప్పుకున్నాను. అబద్ధం చెప్పినదాన్నే మళ్ళీ సాక్ష్యానికి పిలవాల్సి వచ్చింది.

తల్లీకూతుళ్ళు వచ్చారు. చెప్పులు బయట విప్పారు. అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని రాసింది. తల్లి గోడకు ఆనుకుని, కూతురి చెయ్యి కదిలినప్పుడల్లా మెడ చాచి చూసింది. కాగితం వచ్చింది. లెక్కలు, తర్కంలో అసాధారణమైన ప్రతిభ అని అందులో ఉంది. కంప్యూటర్ సార్ అదేమీ వింత కాదన్నట్టు చదివి వినిపించాడు.

"సూసినావమ్మా, మంచిగొచ్చింది" అన్నాడు కరస్పాండెంట్. "రేపటి నుంచి టెక్నోల కూసోబెడ్తం."

తల్లి కాగితం అందుకోలేదు. "మొన్నటిది ఏమైంది సారూ మరి?"

"అది ఏదో మిస్టేక్ అయ్యింది. ఇప్పుడు సరైంది కద."

"మా ఊరి పిల్లలు ఇంకిద్దరు ఉన్నరు. వాళ్ళది కూడ మిస్టేకేనా?"

"వాళ్ళ సంగతి నీకెందుకమ్మా? నీ బిడ్డ సంగతి నువ్వు సూసుకో."

ఆమె కొంచెంసేపు ఆ కంప్యూటర్ వైపు, దాని నుదుటి బొట్టు వైపు చూసింది. "మొన్న గట్ల చెప్పె, ఇయ్యాల గిట్ల చెప్పె. ఆడ కూసుంటె ఒకటి, ఈడ కూసుంటె ఒకటి. దీనికి కూడ మనుషుల బుద్ధే ఉంది సారూ" అంది. కూతురితో, "పా బిడ్డ" అని బయటికి నడిచింది.

నేను వెనకే మెట్లు దిగాను. గేటు దగ్గర ఆగింది.

"మీరన్నదే నిజం మేడం. మా ఊరి సర్కారు బడిల ఏస్త దీన్ని. ఈడికి మాత్రం పంప" అంది. క్రాసింగ్ అయ్యేదాకా ఆగుదామంటుందేమోనని భయపడ్డాను. మర్నాడే వేసింది. ఆ బడిలో అప్పుడు లెక్కల సార్ లేడు. ఆదివారాలు చర్చి అయ్యాక అమ్మాయి గద్వాలలో నా గదికి వచ్చేది. కిరసనాయిలు పొయ్యి మీద ఉప్మా చేసి పెట్టేదాన్ని. తింటూ లెక్కలు చేసేది. కొన్నిసార్లు నాకు తోచని దారిలో చేసి, సరిగ్గానే వచ్చిందా అని అడిగేది. చూసి సరే అనడానికి నాకు కాసేపు పట్టేది.

ఏడాది చివర, వచ్చే ఏడు రానక్కర్లేదని నాకు కబురు పంపారు. ముఖం మీద చెప్పే ధైర్యం కూడా లేక అటెండర్‌తో చెప్పించారు. నాగర్‌కర్నూల్‌లో ఇంకో బడిలో చేరాను. అక్కడి యజమాని మొదటి రోజే నన్ను గదికి పిలిచి, తమ దగ్గరికి ఒక అద్భుతమైన కంప్యూటర్ పరీక్ష వచ్చిందని, పిల్లల మెదడును చదివేస్తుందని, గద్వాలలో నాకు అనుభవం ఉంది గనుక ఆ బాధ్యత తీసుకోవాలని అన్నాడు. మేజా మీద అదే బంగారు అంచు కాగితం. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం మార్చారు. ముందు మౌస్‌లు చూపించమన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఎలుకలేమీ లేవు మేడం, మొన్ననే మందు పెట్టించాం అన్నాడు.

కొన్నేళ్ళ తర్వాత వనపర్తి బస్టాండులో ఆ అమ్మాయి కనిపించింది. పొడుగయింది. చేతిలో పెద్ద డ్రాయింగు చుట్ట పట్టుకుని, పాలిటెక్నిక్‌లో రెండో సంవత్సరమని చెప్పింది. ఇద్దరం బెంచీ మీద కూర్చుని పల్లీలు తిన్నాం. ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారని, మిగతావాళ్ళకు కష్టంగా ఉంది గానీ తనకు బాగుందని చెప్పింది. అమ్మ ఎట్లా ఉందంటే, మోకాళ్ళ నొప్పులు, దవాఖానకు రమ్మంటే రాదంది.

"నీతోపాటు చేనుకు వచ్చిన ఆ ఇద్దరు?" అని అడిగాను.

"ఒకామె పెండ్లైంది మేడం, రాయచూర్ దిక్కు ఇచ్చిండ్రు. ఇంకొకామె, లెక్కలు మంచిగొస్తుండె సూడుండ్రి, ఆమె అమ్మానాయినతో పూనా పోయింది. సిమెంటు పనికి."

"ఆ పిల్లాడు? తరగతి ఫస్టు అన్నావు."

"వాడు మళ్ళ బడికి పోలే మేడం. వాళ్ళ నాయిన పంపుతనంటె కూడ పోలే. నాకు రాదని రాసిచ్చిండ్రు కద, నేను పోనన్నడు. ఇప్పుడు వీపనగండ్ల దిక్కు ట్రాక్టర్ నడుపుతుండట."

గద్వాల బస్సు వచ్చింది. డ్రాయింగు చుట్టను నలగకుండా రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ ఎక్కింది. కిటికీ దగ్గర సీటు దొరకలేదు. నిలబడే చెయ్యి ఊపింది.